నీళ్ళ వరస

పది గంటలయింది. అవతలి గదిలో మొదటి ఎలుక కీచుమంది. అంటే జ్ఞానమణి మొదటి డోసు పట్టించేసింది, అంటే సరిగ్గా గంటకి, పదకొండయ్యేసరికి, ఆ ఎలుక ఈ గదిలోకి నా ముందుకు వస్తుంది, రెండేళ్ళుగా నేను చేస్తున్నది పరిశోధనో ఉత్త పిచ్చో అప్పుడు తేలిపోతుంది. కాఫీ తాగితే చేతులు వణుకుతాయని పొద్దున్నుంచి తాగలేదు, తాగకపోయినా వణుకుతూనే ఉన్నాయి, కానీ ఇది భయం వణుకు కాదు, భయం వణుకు నాకు బాగా తెలుసు, ముప్ఫై నాలుగేళ్ళుగా దానితో కాపురం చేస్తున్నాను, ఇది వేరే, తీర్థంలో రంగులరాట్నం ఎక్కి కూర్చున్నాక అది ఇంకా కదలకముందు కడుపులో పుట్టే గిలిగింత. రెండో శనివారం, కాలేజీకి సెలవు, వరండాలో మనిషి లేడు, జువాలజీ లాబ్ మొత్తం నాదే, గాజు జాడీల్లో కప్పలూ తేళ్ళూ నా వంకే చూస్తున్నాయి, చూడండర్రా, నర్సీపట్నం కాలేజీలో పాఠాలు చెప్పుకునే భానుమూర్తి ఇవాళ ఏం చేస్తాడో మీరే చూడండి. మూడు గడియారాలు పెట్టుకున్నాను, చేతికొకటి, గోడకొకటి, బల్ల మీద స్టాప్ వాచీ, మూడింటినీ పొద్దున్న రేడియో వార్తలతో సరిచూశాను, రెండుసార్లు.

పది ఎలుకలు. ఆరు నిమిషాలకొకటి చొప్పున జ్ఞానమణి వాటికి మొన లేని వంకర సూదితో గొంతులోకి డోసు పడుతుంది, గంట తరువాత అదే వరసలో ఒక్కొక్కదాన్నీ నేను ఈ చెక్క కూడలి మీద పెట్టి ఐదు నిమిషాలు చూస్తాను. ఐదింటికి సరస్వతి ఆకు సారం, ఐదింటికి ఉత్త నీళ్ళు. దేనికి ఏదో నాకు తెలియదు, తెలియకూడదు. కూడలి అంటే నాలుగు బల్లచెక్కలు నాలుగు దిక్కులకీ చాచి నడుమెత్తు కాళ్ళ మీద నిలబెట్టినది, రెండు చేతులకి అటూ ఇటూ గోడలున్నాయి, రెండు చేతులకి ఏమీ లేవు, బోడి, కిందికి చూస్తే నేల. భయపడే ఎలుక గోడల మధ్యకి దూరి అక్కడే ముడుచుకుంటుంది, భయం తగ్గిన ఎలుక బోడి చేతుల మీదికి షికారుకి వస్తుంది, అంతే లెక్క, ఇంత తేలికైన సంగతి మొన్నమొన్నటి దాకా ఎవరికీ తట్టలేదంటే ఆశ్చర్యం. నా గైడు వరలక్ష్మమ్మగారు విశాఖలో ఒక విదేశీ పత్రిక తీసి బొమ్మ చూపించారు, నేను దాన్ని కాగితం మీద దింపుకొచ్చి అబీద్ సెంటర్ అవతలుండే వడ్రంగి జోగులుకి ఇచ్చాను. జోగులు బొమ్మని తిప్పి తిప్పి చూసి, "ఈ రెండిటికీ గోడలేవండీ? పడిపోవేటి, పాపం!" అన్నాడు. పడిపోవు, చెప్పినట్టు చెయ్యి అన్నాను. చేశాడు, చేసి, నాకు చెప్పకుండా బోడి చేతుల అంచులకి వేలెడెత్తు రెయిలింగు కొట్టి పంపించాడు, నగిషీతో సహా. దాన్ని నేనే రంపంతో కోశాను. ఈ ఊళ్ళో ఎలుకని భయపెట్టడానికి ఎవరికీ మనసొప్పదు.

పది పన్నెండు. మూడో కీచు. ఒకసారి కీచుమన్నాక జ్ఞానమణి గొంతు సన్నగా వినిపిస్తోంది, "అయిపోయింది తల్లీ, అయిపోయింది," అన్నిటికీ అదే మాట, తల్లి కానిదానికీ అదే. అసలు నా రెండేళ్ళ కష్టమంతా ఆ మాట గురించే. మా అమ్మ బాలాంబ సరస్వతి ఆకు నూరి తేనె కలిపి, ఉంగరపు వేలితో నా నాలిక మీద రాసేది, పద్యాలు అప్పజెప్పాల్సిన రోజున, పరీక్ష రోజున, మేడ మీది హెడ్మాస్టరు గదికి వెళ్ళాల్సిన రోజున. నాకు లేచి నిలబడితే నాలిక అంటుకుపోయేది, చెవుల్లో గుండె కొట్టుకునేది, వెనక బెంచీ వాళ్ళు నవ్వేవారు. అమ్మ వేలు నాలిక మీద పడగానే గుండె నెమ్మదించేది, అది నిజం, ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను. కానీ నెమ్మదింపజేసింది ఆకా, అమ్మ వేలా? ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు ఈ ప్రశ్న పట్టుకుంది, ఇక వదల్లేదు. అమ్మని అడిగితే "ఆకు నూరింది ఈ చెయ్యే కదురా, ఏదయితేనేం," అని తన పని చూసుకుంది. ఏదయితేనేం అంటే ఎలాగ? అందుకే ఇవాళ ఎలుకలన్నిటికీ ఒకే చెయ్యి, ఒకే సూది, ఒకే "అయిపోయింది తల్లీ," తేడా అల్లా ఆకు. వేలు అన్నిటికీ ఉంది, ఆకు ఐదింటికే ఉంది. ఇంత అందమైన లెక్క నేను జన్మలో కట్టలేదు!

మొదటిసారి ఈ లెక్క తప్పింది. వేసవి ముందు పది ఎలుకలతో చేశాను, కుడి వరస బోన్లకి మందు, ఎడమ వరస బోన్లకి నీళ్ళు, ఏడు రోజులు నేనే డోసులు పట్టించి కూడలి ఎక్కిస్తే మందు ఎలుకలు రాజుల్లా బోడి చేతుల మీద తిరిగాయి, నా గుండె పొంగిపోయింది, తరవాత నీళ్ళ ఎలుకల్ని ఎక్కిస్తే అవీ రాజుల్లాగే తిరిగాయి. తేడా లేదు. ఆకూ నీళ్ళూ ఒకటే. ఆ అంకెల్ని ఎన్నిసార్లు కూడానో, కూడికలో తప్పుంటే బాగుండునని ఎంత వెతికానో! విశాఖకి పంపిస్తే వరలక్ష్మమ్మగారు ఇన్లండు కవరులో జవాబు రాశారు, "భానుమూర్తీ, నీళ్ళు తాగిన ఎలుకలు ఇంత ధైర్యంగా ఉండడం నేనెక్కడా చూడలేదు. మీ వడ్రంగి పనితనం చూసుకోండి. మీ పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ గడువు జులై నెలాఖరు. ఆలోగా చూపించేదేమీ లేకపోతే ఇక్కడితో ఆపేద్దాం." నేను ఆ కవరు పట్టుకుని వెళ్ళి జోగులు మీద ఎగిరాను, నీ కూడలి వంకరగా ఉందని, పాపం అతను మట్టపలక తెచ్చి పెట్టి చూపించాడు, వెంట్రుక వాసి కూడా వాలు లేదు. ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు, వచ్చింది. ఇక జీవితమంతా కప్ప జీర్ణమండలం బొమ్మ బోర్డు మీద వేసుకుంటూ గోడల మధ్య కూర్చోవడమే అనుకున్నాను.

పది ఇరవై నాలుగు. ఐదోది. అది కీచుమనలేదు, మంచిపిల్ల. బోన్లు సర్దేసి ఎలుకల్ని తిరిగి పంపించేద్దామనుకున్న రోజు, పోయిన నెల పదో తారీకు, మా లాబ్ అటెండరు జ్ఞానమణి బోన్లు తుడుస్తూ నన్ను ఓదార్చడానికి ఒక మాట అంది. యాభై దాటిన మనిషి, తెల్ల చీర, జడకొప్పు, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద, నా కంటే పదేళ్ళు ముందు నుంచీ ఈ లాబ్ ఆవిడదే. "పోన్లెండి మేస్టారూ, దిగులెందుకండీ? అన్నీ బాగానే ఉన్నాయి కదా. అన్నిటికీ ఇచ్చీసాను కదా," అంది. ఏమిటి ఇచ్చావు అన్నాను. "మందండీ. రోజూ మీరు కప్పులోన మిగిలింది పారబొయ్యమనీవోరు కదా, పారబొయ్యడానికి నాకు సెయ్యి రాక ఆ పక్క వరస సీసాల్లోన పోసీసీదాన్ని. ఒకే జబ్బు కదండీ అన్నిటికీ, ఒక వరసకి మందూ ఒక వరసకి నీల్లూనా? దేవుడు సూస్తాడు." తాగునీళ్ళ సీసాల్లో! ఏడు రోజులు! అప్పుడు కళ్ళకి కట్టింది, ఎడమ వరస సీసాలు పచ్చగా ఉండడం నేను చూశాను, నా రెండు కళ్ళతో చూశాను, చూసి, "జ్ఞానమ్మా, సీసాలు నాచు పట్టాయి, బాగా తోముతూ ఉండు" అని కూడా అన్నాను, ఆవిడ బుద్ధిగా తోమి మళ్ళీ మందు పోసింది. ఒక్క క్షణం ఒళ్ళు మండింది, చేతిలో ఉన్న బోను తలుపు విసిరికొట్టాను, ఆ చప్పుడు ఆగేలోగానే బుర్రలో ఇంకొకటి వెలిగింది. నీళ్ళ వరస అనేదే లేదు! అన్నీ మందు ఎలుకలే! అందుకే అన్నీ రాజులే! జోగులు కూడలి బంగారం, నా కూడికలు బంగారం, ఆకు ఓడిపోలేదు, అసలు ఆటే జరగలేదు. నేను జ్ఞానమణి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను, ఆవిడ బెదిరిపోయి "తిట్టండి మేస్టారూ, తిట్టీయండి, ఇలాగ నవ్వకండి, భయమేస్తంది" అంది.

తిట్టలేదు, కాఫీ తెప్పించి ఇద్దరం తాగాం, నీళ్ళ వరస ఎందుకు కావాలో ఆవిడకి అప్పుడు చెప్పాను, రెండేళ్ళుగా పక్కన పని చేయించుకుంటూ ఏనాడూ చెప్పలేదని అప్పుడే తెలిసింది నాకు, తప్పు ఎవరిదో కూడా అప్పుడే తెలిసింది. ఆవిడ కప్పు చేతిలో తిప్పుతూ చిన్నప్పటి హాస్టలు మాట ఎత్తింది. "నేనూ మా సెల్లీ ఒకే హాస్టలండీ. పిల్లలందరికీ కోరింత దగ్గొచ్చింది. వరసలో నిలబెట్టి తలా సెంచాడు మందు పోసీవోరు. మా సెల్లిది ఆకరి వరస. అక్కడికొచ్చీసరికి సీసా అయిపోయింది. గుంటలు ఏడుస్తారని ఆ సీసాలోనే నీల్లు పోసి, కుదిపి, అదే సెంచాతో పోసీసారండి." చెల్లెలు ఏమయింది అని అడిగాను. "ఏటవుద్దండీ, బతికే ఉంది, పాయకరావుపేటలోన టీచరు. కానీ నీల్లని దానికి తెలిసిపోయిందండి. నోట్లోన పడగానే నా వొంక సూసింది. ఆ సూపు మరిసిపోలేనండి."

పది ముప్ఫై ఆరు. ఏడోది. కిటికీలోంచి చింతపల్లి వెళ్ళే బస్సు హారను, కొండ మీద ఎండా మబ్బూ కలిసి ఉన్నాయి, వర్షం పడితే గదిలో చీకటి పడుతుంది, చీకట్లో ఎలుకలకి భయం పోతుంది, పడకు తల్లీ, గంటా గంటన్నర ఆగు. వరలక్ష్మమ్మగారికి జరిగిందంతా రాస్తే ఆవిడ ఫోను చేసి మరీ నవ్వారు, కాలేజీ ఆఫీసులో గుమాస్తాలందరికీ ఆ నవ్వు వినిపించింది, ఇంకొక్క పది ఎలుకలిస్తాను, ఇదే ఆఖరు, సోమవారం పొద్దున్న పదింటికి ఫలితం నా బల్ల మీద ఉండాలి, ఈసారి ఏది మందు ఎలుకో మీకు తెలియకూడదు, మీరు ఆశపడే మనిషి, ఆశపడ్డ కన్ను అంకెల్ని వంచుతుంది అన్నారు. బుట్టలో ఎలుకల్ని పెట్టుకుని యలమంచిలిలో రైలు దిగి బస్సెక్కితే పక్క సీటు ముసలమ్మ, "ఏటి బాబూ, ఆ బుట్టలోన కదుల్తన్నాది?" అంది. ఎలుకలమ్మా అన్నాను. "మన ఊర్లోన లేవేటి? అంత దూరం ఎల్లి తెచ్చుకున్నావా?" అని బస్సు బస్సంతా నన్ను చూసింది, అలా అందరూ చూస్తే మామూలుగా నా నాలిక అంటుకుపోవాలి, ఆ రోజు మాత్రం తెల్ల ఎలుకల మాహాత్మ్యం గురించి నర్సీపట్నం దాకా ఉపన్యాసం ఇచ్చాను.

ఏది ఏదో తెలిసిన మనిషిగా జ్ఞానమణినే పెట్టాను. ఇంకెవరున్నారు, పోయినసారి నేను పడితే గిలగిలా కొట్టుకున్నాయి, ఎలుక గొంతులో సూది దించితే దానికి దెబ్బ తగలకుండా దించగలిగేది ఆవిడొక్కతే, భర్త కాంపౌండరుగా ఉన్న రోజుల్లో పసిపిల్లలకి మందు పట్టి అలవాటైన చెయ్యి. కానీ అదే చెయ్యి! చీట్లు వేసి తీసింది ఆవిడే, పసుపు రంగుతో తల మీదా మెడ మీదా వీపు మీదా తోక మీదా, ఎలుకకొక చోట గుర్తులు పెట్టింది ఆవిడే, ఏ గుర్తుకి ఏదో రాసుకున్న కాగితం ఆవిడ కీర్తనల పుస్తకంలో ఉంది. వారం రోజులుగా నేను ఆ గది గడప తొక్కలేదు. మొదటి రోజు, "ఈసారి సీసాల్లో పొయ్యవు కదా?" అని అడిగాను, "ఒట్టు పెట్టుకోకూడదండి మాకు. పొయ్యనన్నాను, పొయ్యను," అంది, అని కళ్ళు దించుకుంది. ఆ కళ్ళు ఎందుకు దించుకుంది? ఐదు ఎలుకలు ఏడు రోజులుగా ఆవిడ వైపు ఎలా చూస్తున్నాయో, నీళ్ళు నోట్లో పడగానే ఎలా చూస్తున్నాయో, తట్టుకోగలిగిందా? గడప ఇక్కడికి పది అడుగులు. తలుపు ఓరగా ఉంది. ఎలుకల వైపు చూడనక్కర్లేదు, సీసాల వైపు చూస్తే చాలు, పచ్చగా ఉన్నాయో తెల్లగా ఉన్నాయో, ఒక్క చూపు. లేచాను. ఎనిమిది అడుగులు వేశాను. నాకున్న జబ్బే ఇది, తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే జబ్బు, లోపల్నుంచి "అయిపోయింది తల్లీ" అని వినిపించింది, గొంతు కాస్త జీరబోయి ఉంది. మాట ఇచ్చిన మనిషి వెనక నిలబడి సీసాలు లెక్కపెట్టడమా? సిగ్గేసింది. వెనక్కి తిరిగి ఎనిమిది అడుగులూ నడిచి వచ్చి కుర్చీలో కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

పది యాభై నాలుగు, పదోది, ఆఖరుది. స్పిరిట్టుతో కూడలి తుడిచాను, వాసన ఆరిపోవాలి, ఆరిపోయింది, ఇంకా నాలుగు నిమిషాలు, రెండు, స్టాప్ వాచీ తడి చేతిలో జారుతోంది. పదకొండు. జ్ఞానమణి రెండు అరచేతుల్లో మొదటి ఎలుకని తెచ్చింది, తోక మీద పసుపు చుక్క, నా మొహం చూడకుండా నడిమి చెక్క మీద దించి, అనుకున్న ప్రకారం బయటికి వెళ్ళి తలుపు వేసింది. నొక్కాను. ఎలుక మీసాలు ఆడించింది, ఇటు చూసింది, అటు చూసింది, చటుక్కున గోడల మధ్యకి పరుగెత్తింది. మూలకి వెళ్ళి ముడుచుకుంది. వణుకుతోంది. పెంటికలు వేసింది. ఒక నిమిషం, రెండు, ముక్కు కూడా బయట పెట్టలేదు, దాని గుండె దడ నాకు చెవుల్లో వినిపిస్తోంది, ఎనిమిదో తరగతిలో బల్ల మీద నిలబెట్టిన నేను, అచ్చం నేను, కానీ నాకు ఏడుపు కాదు సంతోషం తన్నుకొస్తోంది, భయపడింది! దేవుడా, ఒక ఎలుక భయపడింది! రెండేళ్ళలో మొదటిసారి ఈ కూడలి మీద ఒక ప్రాణి భయపడింది, జ్ఞానమణి పొయ్యలేదు, వారం రోజులు ఆ చూపులు భరించి కూడా పొయ్యలేదు! ఐదు నిమిషాలు. తలుపు తట్టాను. ఆవిడ వచ్చి వణుకుతున్న ఎలుకని చేతుల్లోకి తీసుకుని, ఏమీ అడక్కుండా, పైటకొంగు కప్పి తీసుకుపోయింది. ఆవిడా చెప్పకూడదు, నేనూ చెప్పకూడదు, ఇద్దరికీ నోటి దాకా వచ్చింది. రెండోది వీపు చుక్క. దింపగానే ఒళ్ళు దులుపుకుంది, గోడల్లోకి తొంగి చూసి నచ్చనట్టు బయటికి వచ్చేసింది, బోడి చెక్క మీద చివరి దాకా నడిచింది, అంచు మీంచి తల వంచి కిందికి చూసింది, చూసి, అక్కడే, ఆ చివరనే, తాపీగా కూర్చుని మొహం కడుక్కోవడం మొదలుపెట్టింది. రాయడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను.

పన్నెండింటికి పదీ అయిపోయాయి. నాలుగు ఎలుకలు గోడలు వదల్లేదు. ఆరు బయట తిరిగాయి. నాలుగూ ఆరూ ఏమిటి, ఐదూ ఐదూ కదా ఉండాలి. "కాగితం తియ్యి జ్ఞానమ్మా," అన్నాను. ఆవిడ కీర్తనల పుస్తకంలోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది, అచ్చు అక్షరాల్లాంటి రాత, తోక: నీళ్ళు, వీపు: మందు, తల: మందు, నేను గీతలు కొట్టుకుంటూ పోయాను, మందు ఎలుకలు ఐదూ బయట తిరిగినవే, ఐదూ! భయపడ్డ నాలుగూ నీళ్ళవే! మిగిలింది మెడ చుక్కది, అది నీళ్ళు తాగి కూడా బోడి చెక్క మీద షికారు చేసింది. "మెడ చుక్కదానికి ఏటి పట్టావు? నిజం సెప్పు," అన్నాను, నా నోటికి కూడా ఆవిడ యాసే వచ్చింది. "నీల్లేనండి. ఒట్టి నీల్లు. దాని సంగతే అంత, మొదట్రోజు నుంచీ నీల్లిచ్చినా నా ఏలు నాకీది," అంది, అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూ ఉండగానే కళ్ళమ్మట నీళ్ళు. "మా సెల్లి అనుకోండి దాన్ని." పది ఎలుకలు, అందులో ఒక దానికి వేలు చాలింది, ఐదింటికి ఆకు చాలింది. అమ్మతో చెప్పాలి, రెండూ నిజమేనే అమ్మా అని చెప్పాలి, ముందు వరలక్ష్మమ్మగారితో చెప్పాలి.

యలమంచిలి బస్సు పన్నెండున్నరకి. అంకెల కాగితాలు సంచిలో పెట్టి, చెప్పులు వేసుకుని, లాబ్ తాళం కూడా వెయ్యకుండా సగం వరండా దాటాక గొడుగు గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తాను. ఎలుకల గది తలుపు బార్లా తీసి ఉంది. జ్ఞానమణి నాకు వీపు పెట్టి బోన్ల ముందు వంగి, తల వంచుకుని ఏదో కీర్తన కూనిరాగం తీస్తోంది. కిటికీ మీది మందు కప్పు ఖాళీగా ఉంది, అంచున పచ్చటి చుక్క ఇంకా తడి ఆరలేదు. ఐదు బోన్లకి సీసాలు తెల్లగా ఉన్నాయి. ఐదు బోన్లకి, నాచు పట్టినట్టు, పచ్చగా ఉన్నాయి.